వెనక్కి నడిచిన భాంగ్రా

పంజాబులో పద్దెనిమిదేళ్ళు ఉన్నానని నేనెక్కడా గొప్పలు చెప్పుకోలేదు. చెప్పింది మా తోడల్లుడు. తుని దగ్గర హైవే పక్కనున్న ఒక డిగ్రీ కాలేజీ కరస్పాండెంటు గారితో ఆయనకి పేకాట స్నేహం. ఆట మధ్యలో "మావాడు లూధియానాలో ఉండొచ్చాడండి, భాంగ్రా గురించి ఆయన్నే అడగాలి" అని ఒక మాట వదిలాడట. నేను లూధియానాలో స్వెటర్ల మిల్లులో స్టోరు కీపర్ని. భాంగ్రా చూసింది పక్కిళ్ళ పెళ్ళిళ్ళలో, అదీ చేతిలో ప్లేటు పట్టుకుని, ప్లేటు వైపు చూస్తూ. ఈ సంగతి మా తోడల్లుడికి తెలియదు. నేనూ చెప్పలేదు.

వారం తిరక్కుండా విశాఖపట్నంలో మా ఇంటికి ఉత్తరం వచ్చింది. కాలేజీ భాంగ్రా జట్టు భీమవరంలో పోటీకి వెళ్తోంది, మీరు తుని నుంచి జట్టుతోనే ప్రయాణం చేసి, దారిలో తప్పులు దిద్ది, తిరిగొచ్చాక ఒక రిపోర్టు రాసివ్వాలి, భోజన వసతులు మావి అని. అడుగున ఇంకో మాట ఉంది. ఈ జట్టు పెట్టిన డ్రిల్లు మాస్టారు పదకొండేళ్ళుగా పార్ట్‌టైములో ఉన్నారు, కప్పు తెచ్చినా, కనీసం మీ రిపోర్టు బాగున్నా పర్మనెంటు చేస్తాం, లేకపోతే జూన్ నుంచి ఆయన అవసరం లేదు అని. ఒక మనిషి బతుకుతెరువు నా కలానికి కట్టారన్నమాట. బుద్ధున్నవాడైతే అక్కడే వెనక్కి తగ్గేవాడు. నేను భోజన వసతులు అన్న చోటే ఆగిపోయి, బ్యాగు సర్దుకున్నాను.

తుని: ధాబా వెనక క్లాసు

స్టేషన్లో నన్ను దింపుకోవడానికి వచ్చిన డ్రిల్లు మాస్టారి పేరు సత్తిబాబు. నలభై దాటిన మనిషి, బక్కపలచన, మెడలో విజిల్. "గురువుగారూ" అంటూ ప్లాట్‌ఫారం మీదే కాళ్ళకి దణ్ణం పెట్టాడు. నేను కూడా సిగ్గులేకుండా పెట్టించుకున్నాను.

"భాంగ్రా ఎక్కడ నేర్చుకున్నారు?" అని అడిగాను.

"హైవే మీద ధాబా ఉందండి. పంజాబు లారీలు ఆగుతాయి. ఒక్కో డ్రైవరు దగ్గర ఒక్కో స్టెప్పు నేర్చుకున్నానండి. లారీ మళ్ళీ బయల్దేరేదాకే క్లాసు. ఒకాయన సగం స్టెప్పులోనే బయల్దేరిపోయాడండి. మిగతా సగం నేనే కట్టాను."

రిహార్సలు ఆ ధాబా వెనకే. ఎనిమిది మంది కుర్రాళ్ళు, ఒక టేపురికార్డరు. క్యాసెట్టు కూడా ధాబాలోనే, ఏ లారీలోనో మోగుతుంటే రికార్డు చేశారు. అందుచేత పాట మధ్యలో ఒక పెద్ద లారీ హారను, ఆ వెంటనే రెండు టీలు అని ఎవరిదో కేక. సత్తిబాబు ఆ హారనుకి కూడా స్టెప్పు కట్టాడు. హారను వినపడగానే ఎనిమిది మందీ ఒక్కసారి గాల్లోకి ఎగురుతారు. నిజం చెప్పొద్దూ, మొత్తం ఆటలో తాళం తప్పనిది అదొక్కటే.

మిగతాది చూస్తుంటే, తప్పులు రాసుకోవడానికి తెచ్చిన నా పుస్తకం నిండిపోయింది. పంజాబులో భుజాలు ముందు ఊగుతాయి, మనిషి తర్వాత వస్తాడు. వీళ్ళ భుజాలు కొత్త చొక్కా నలుగుతుందేమో అన్నట్టు కదిలాయి. నడుముకి కట్టిన లుంగీని ఇద్దరు అలవాటు కొద్దీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టేశారు. జట్టులో వర్మ అనే కుర్రాడు కరస్పాండెంటు గారి మేనల్లుడు. మాస్టారు మిగతా ఏడుగురినీ "ఒరేయ్, కాలెత్తండ్రా" అని అదిలించి, అతని దగ్గరికొచ్చేసరికి "బాబుగారూ, వీలైతే కాలు కాస్త ఎత్తండి" అంటున్నాడు. బాబుగారికి వీలవలేదు.

అసలు విడ్డూరం ఆ తర్వాత వచ్చింది. పొలం పని చూపించే అడుగు ఒకటుంది. దానికి రాగానే కుర్రాళ్ళందరూ నడుం వంచి, చేత్తో ఏదో నేలలో గుచ్చుతూ, ఒక్కో అడుగే వెనక్కి పోవడం మొదలెట్టారు. పోయి పోయి ధాబా గోడకి తగిలి ఆగారు.

"మాస్టారూ, వీళ్ళు వెనక్కెందుకు పోతున్నారు?"

"నాట్లండి."

"ఏం నాట్లు?"

"వరినాట్లండి. ఇది పొలం పని అని డ్రైవరు చెప్పాడండి. నాట్లు వెనక్కి నడుస్తూనే కదండీ వేస్తారు. ముందుకి నడిస్తే వేసిన నారు తొక్కెయ్యమాండి?"

"అక్కడ వేసేది గోధుమ. గింజలు చల్లుకుంటూ ముందుకి పోతారు."

సత్తిబాబు మొహంలో రంగు పోయింది. "మీరు చూశారాండి?" అన్నాడు. పద్దెనిమిదేళ్ళు చూశానన్నాను. చూసింది రైలు కిటికీలోంచి, అదీ కోతలయిపోయాక. అతను వెంటనే విజిల్ ఊది ముందుకి నడిపించబోయాడు. కుర్రాళ్ళు మూడడుగులు ముందుకేసి, నాలుగోది వాళ్ళకి తెలియకుండానే వెనక్కి వేశారు. వాళ్ళ అమ్మలు ఎలా నాట్లేస్తారో చిన్నప్పట్నించీ చూసిన కాళ్ళవి.

"ఒక్కసారి మీరు నడిచి చూపించండి గురువుగారూ" అన్నాడు సత్తిబాబు.

మోకాళ్ళ నొప్పులని చెప్పాను. అయ్యో కూర్చోండి కూర్చోండి అని కుర్చీ వేయించాడు. భోజనం ధాబా మేడ మీద. రూపాయిన్నరకి రొట్టె, పక్కన ఆవకాయ. లూధియానాలో రొట్టెకి ఆవకాయ అద్దుకుంటే వింతగా చూసేవారు. ఇక్కడ పంజాబు డ్రైవర్లే అద్దుకు తింటున్నారు.

ఉప్పాడ: జరీ తలపాగాలు

మర్నాడు మినీ బస్సులో బయల్దేరాం. తలపాగాల కోసం ఉప్పాడ మీదుగా వెళ్ళాలన్నాడు మాస్టారు. ఎందుకయ్యా అంటే, అక్కడి నేతగాడొకాయన తెలుసు, నేతలో తప్పొచ్చిన చీరలు తక్కువలో ఇస్తాడు అన్నాడు. అలా మా జట్టు తలపాగాలకి గులాబీరంగు చీరలు, జరీ అంచు, పల్లూలో నెమళ్ళు.

మగ్గం మీంచి లేవకుండానే ఆ ముసలాయన "ఎవరి పెళ్ళండి?" అని అడిగాడు.

"పెళ్ళి కాదండి, డాన్సండి. పంజాబు డాన్సు."

"పంజాబులో మగాళ్ళు ఇలాంటివి కట్టుకుంటారాండి?" అని ఆయన నా వైపు చూశాడు. కట్టుకుంటారన్నాను. ఏం, మొదటి అబద్ధమా? ఆయన ఎనిమిది ముక్కలు కత్తిరించి మడతపెట్టి ఇచ్చి, "పోయినసారి మాస్టారు వచ్చినప్పుడు మా ముందు ఇంకో వీధి ఉండేదండి, సముద్రం పట్టుకుపోయింది" అని, మాకు టీ చెప్పాడు. ముందు వీధి నీళ్ళలో కలిసిపోయినా టీ చెప్పే మనుషుల్ని నేనక్కడే చూశాను.

తలపాగాలు చుట్టడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. నన్నడిగారు. మా మిల్లులో సర్దార్జీలు పొద్దున్నే చుట్టుకునే వచ్చేవారు, చుడుతుంటే చూసే భాగ్యం నాకెప్పుడూ కలగలేదు. ఎవరికి వారు చుట్టుకోవాలి, అదే పద్ధతి అని చెప్పి తప్పించుకున్నాను. చుట్టుకున్నాక ఎనిమిది నెమళ్ళూ ఎనిమిది దిక్కులు చూశాయి.

రాజమండ్రి: రేవులో నాట్లు

రాజమండ్రిలో మొదటి పని రోజ్‌మిల్క్. ఇంత గులాబీరంగు పాలు లూధియానాలో ఇస్తే మందేమో అనుకుంటారు. అక్కడ లస్సీ గ్లాసు చెంబంత ఉండేది, ఇక్కడి గ్లాసు చిన్నది, అందుకని మూడు తాగాను. కుర్రాళ్ళు ఒక్కోటితో ఆగారు. ఆ పూట వాళ్ళకి నాకన్నా బుద్ధి ఉంది.

సాయంత్రం గోదావరి రేవులో రిహార్సలు. జనం మూగారు. స్నానం చేసి తడిబట్టలు పిండుకుంటున్న ఒక పెద్దావిడ చాలాసేపు చూసి, "ఏ అమ్మవారి మొక్కు నాయనా?" అని నన్నడిగింది. పోటీ అని చెప్పాను. "అలాగా, ఎవరికైనా జబ్బు తగ్గకుండా ఉందేమో, అందుకు చేస్తున్నారనుకున్నాను" అని మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను పుస్తకంలో రెండు పేజీలు రాసిన విమర్శ ఆవిడ ఒక్క మాటలో తేల్చేసింది.

ఇక్కడ నాట్ల అడుగు వచ్చింది. రేవు మెట్లు వెనక ఉన్నాయని ఎవరూ ఆలోచించలేదు. వంగి, గుచ్చుకుంటూ, జట్టు మొత్తం మెట్టు తర్వాత మెట్టు దిగుతూ గోదావరి వైపు పోతోంది. చివరి వరసలో వర్మ. దబ్బుమని నీళ్ళలో పడ్డాడు. "బాబుగారు" అంటూ సత్తిబాబు మెడలో విజిల్‌తో సహా దూకేశాడు. నీళ్ళు మోకాలి లోతు కూడా లేవు. బాబుగారు అప్పటికే లేచి నిలబడి నవ్వుతున్నాడు. మాస్టారు మాత్రం ఆ కుర్రాడి భుజాలు రెండు చేతుల్తో పట్టుకుని, వణుకుతూ, "మావయ్యగారికి చెప్పకండి బాబూ" అంటున్నాడు. అందరం నవ్వాం. ఆ వణుకు చూశాక నాకు నవ్వు సగంలో ఆగింది. వర్మ తలపాగా రంగు దిగి, మొహమంతా గులాబీరంగు కారింది.

పెనుగొండ: కొబ్బరికాయ

పోటీ రోజు పొద్దున్నే బ్రిడ్జి దాటి పెనుగొండ చేరాం. అమ్మవారి గుళ్ళో సత్తిబాబు కొబ్బరికాయ కొట్టి, ఆట అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టనని మొక్కుకున్నాడు. పంజాబు ఆటకి పెనుగొండ అమ్మవారు ఏం చేస్తుందయ్యా అని వేళాకోళం చేశాను.

"మాకు తెలిసిన అమ్మవారు ఈవిడేనండి" అన్నాడు. "పంజాబు దేవుడెవరో మీరు చెప్తే ఆయనకీ ఓ కాయ కొడతాను."

నాకు తెలిస్తే కదా. ప్రసాదం తీసుకుని బస్సెక్కాం. దారిలో అతను తనంతట తనే చెప్పాడు. పార్ట్‌టైము మాస్టారికి స్టాఫ్ రూములో కుర్చీ ఉండదట. పదకొండేళ్ళుగా కిటికీ గట్టు మీద కూర్చుంటున్నాడట. "పర్మనెంటయితే ముందు ఒక కుర్చీలో ఆనుకుని కూర్చుంటానండి" అన్నాడు. ఇంకేమీ కోరలేదు.

భీమవరానికి ఇవతల: రెండు రకాల కోడి

భీమవరం ఇంకో పది నిమిషాలుందనగా వర్మ వాళ్ళ ఊరొచ్చింది. రోడ్డు పక్కనే జీతగాడొకడు బస్సుకి అడ్డంగా నిలబడ్డాడు. అమ్మగారు భోజనాలు పెట్టించారు, రమ్మంటున్నారు అన్నాడు. చేపల చెరువులు, రొయ్యల చెరువులు, మధ్యలో రెండంతస్తుల ఇల్లు. వాకిట్లో ఎనిమిది అరిటాకులు, పక్కన ఇంకో రెండు. వర్మ వాళ్ళమ్మ లక్ష్మీకాంతమ్మ గారు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. కరస్పాండెంటు గారికి ఈవిడ స్వయానా చెల్లెలు.

"నాలుగింటికి పోటీ అండి, ఇప్పుడు పన్నెండున్నర" అని గొణిగాడు సత్తిబాబు.

"ఏదో ఉన్నదాంట్లో చేశామండి. రెండు మెతుకులు తిని వెళ్ళండి" అన్నారావిడ.

ఆ ఉన్నది ఏమిటో వాసనకే తెలిసింది. రొయ్యల ఇగురు, కొరమేను పులుసు, కోడి పలావు, నాటుకోడి వేపుడు విడిగా, ఆవపెట్టిన పనసపొట్టు, గారెలు, బొబ్బట్లు, పూతరేకులు, గడ్డపెరుగు. మా విశాఖలో పెళ్ళికి కూడా ఇన్ని ఉండవు. లూధియానాలో అతిథికి రొట్టె మీద రొట్టె వేస్తారు గానీ, వద్దంటే ఆగుతారు. ఇక్కడ వద్దు అన్న మాటకి మళ్ళీ వడ్డించమని అర్థం.

సత్తిబాబు నా వైపు తిరిగాడు. అందరూ వినేలా అడిగాడు. "గురువుగారూ, పంజాబులో ఆటకి ముందు తింటారాండి?"

ఎనిమిది మంది కుర్రాళ్ళూ నన్నే చూస్తున్నారు. లక్ష్మీకాంతమ్మ గారి గరిటె గాల్లో ఆగింది. రొయ్యల మీద నెయ్యి మెరుస్తోంది. తినరు అన్న ఒక్క మాట చాలు. అందరం మజ్జిగ తాగి బస్సెక్కేవాళ్ళం.

"కడుపునిండా తింటారు. తినకపోతే ఆ ఎగురుడు ఎక్కణ్ణుంచి వస్తుంది?" అన్నాను.

ఇంకేముంది. ఆవిడ వడ్డించారు, వాళ్ళత్తగారు వడ్డించారు, "మా ఇంట్లో తినకపోతే మావయ్య అడుగుతాడు" అని వర్మ కూడా వడ్డించాడు. ఒక కుర్రాడు చేత్తో ఆకు మూసుకుంటే చేతి మీదే బొబ్బట్టు పెట్టారు. సత్తిబాబు మొక్కుందని చెప్పి, తినకుండా నెయ్యిగిన్నె పట్టుకుని వరసంతా తిరిగాడు. నేను లేచేసరికి రెండయింది. నన్ను లేపడానికి ఇద్దరు కావలసొచ్చారు.

మండపంలో

పోటీ ఒక కల్యాణ మండపంలో. భాంగ్రాకి మూడు జట్లు. బెజవాడ జట్టు నిజం డోలు తెచ్చింది, మొహాలు మాత్రం పరీక్షహాల్లోలా పెట్టింది. కాకినాడ జట్టు ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురం కట్టి, దిగడం తెలియక పాట అయిపోయినా అక్కడే ఉండిపోయింది. వాళ్ళని చూసి నాకు ధైర్యం వచ్చింది. అప్పుడు మావాళ్ళొచ్చారు.

ఏం చెప్పను. ఎనిమిది నెమళ్ళు నెమ్మదిగా స్టేజీ మీదికి వచ్చి, ఊపిరి తీసుకోవడానికి ఆగాయి. పాట మొదలైంది, వీళ్ళు మొదలవలేదు. బల్లే బల్లే అని అరవాల్సిన చోట నిట్టూర్పు వినపడింది. కూర్చుని లేచే అడుగులో ఐదుగురు కూర్చున్నారు, ఇద్దరు లేచారు. మైకు దగ్గరున్న వర్మకి తేన్పు వచ్చింది. పులుసుదో పలావుదో గానీ, వెనక బెంచీల దాకా వెళ్ళింది. హారను మోగింది. గాల్లోకి లేవాల్సిన ఎనిమిది మందిలో ముగ్గురు మడమలెత్తారు. నాట్ల అడుగులో అందరూ వంగారు, వంగలేక ఆగారు, అలాగే వెనక్కి వెనక్కి పోయి వెనకున్న తెరలో చుట్టుకుపోయారు. ఆట చివర్లో స్టేజీ మీద ఒక్క మనిషి లేడు. తెర మాత్రం కదులుతోంది. జనం చప్పట్లు కొట్టారు, అదే ముగింపు అనుకుని.

నేను పక్కకి చూశాను, సిగ్గుతో. స్టేజీ పక్క తెర చాటున సత్తిబాబు ఉన్నాడు. కుర్రాళ్ళకి అందివ్వడానికి ప్రతి అడుగూ తనే వేస్తున్నాడు. పొద్దుట్నించీ మంచినీళ్ళ మీదున్న మనిషి. చేతులు పైకి, మొహం పైకి, భుజాలు ముందు, తను వెనక. హారనుకి తనొక్కడూ ఎగిరాడు, తల పైనున్న దండలు తగిలి ఊగాయి. లారీ డ్రైవర్లు సగం సగం నేర్పిన అడుగులన్నీ అతని ఒంట్లో ఒక్కటైపోయి ఉన్నాయి. పద్దెనిమిదేళ్ళు పంజాబులో ఉండి నేను ప్లేటు చూస్తూ పోగొట్టుకున్నదేమిటో అప్పుడు తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, కొంత రొయ్యల వల్లయినా సరే.

మూడు జట్లలో మూడో స్థానం వచ్చింది. సర్టిఫికెట్టు ఇచ్చారు.

తిరుగు దారి

స్టేషన్లో నన్ను రైలెక్కించడానికి సత్తిబాబు ఒక్కడే వచ్చాడు. దాచుకోలేకపోయాను.

"మాస్టారూ, నేను లూధియానాలో ఏనాడూ..."

"తెలుసండి."

"ఎప్పుడు?"

"తునిలోనేనండి. మోకాళ్ళ నొప్పులన్నారు. భోజనానికి ధాబా మేడ మీదికి రెండేసి మెట్లు ఎక్కారు."

"మరి నన్నెందుకు దూరంగా పెట్టలేదు?"

"పంజాబు నుంచి ఒకాయన చూడ్డానికొచ్చారంటే కుర్రాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఆడతారనండి."

"పోనీ, తినాలా వద్దా అని నన్నెందుకు అడిగారు?"

అతను విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. "నేను వద్దంటే అమ్మగారి మొహం చూడలేనండి. మీరు తినమంటారని తెలుసు. మీరంటే..."

"తప్పు నాదవుతుంది."

"అయ్యో, అదేం మాటండి" అన్నాడు. కాదని మాత్రం అనలేదు.

"మరి మీ కుర్చీ?"

"ఆవిడ గరిటె పట్టుకుని నిలబడ్డాక గుర్తు రాలేదండి" అన్నాడు. రైలు కదిలింది.

ఇంటికి చేరిన మూడోరోజు కరస్పాండెంటు గారు ఫోన్ చేశారు. నా ముందు తప్పుల పుస్తకం తెరిచి ఉంది. ఆయన మొదటి ప్రశ్న, "మా చెల్లెలు ఏం పెట్టిందండి?" అని. చెప్పాను.

"పనసపొట్టు కూడానా?"

"ఆవ పెట్టి."

"అంత తిన్నాక ఎవడు గెంతుతాడండి" అన్నారు. "ఇంతకీ అది భాంగ్రాయేనంటారా?"

"స్టేజీ మీదది కాదండి. తినమన్నది నేను, ఆ తప్పు నాది. తెర పక్కన మీ మాస్టారు వేశారు, అది భాంగ్రా."

"తెర పక్కన వేస్తే ఎవరికి కనపడుద్దండి?"

"నాకు కనపడింది" అన్నాను. అదే కాయితం మీద రాసి పంపాను, ఇంకే తప్పూ రాయకుండా.

జూన్ నెలలో సత్తిబాబు నుంచి కార్డు వచ్చింది. "గురువుగారికి నమస్కారములు. మీ దయవల్ల పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చిందండి. స్టాఫ్ రూములో కుర్చీ ఇచ్చారు, చేతులున్న కుర్చీ. ఆర్డరులో డ్రిల్లు మాత్రమే రాశారండి. కరస్పాండెంటు గారికి చుట్టాల ముందు పరువు పోయిందని భాంగ్రా తీసేశారు. టేపురికార్డరు ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశారు. కుర్రాళ్ళు రోజూ గ్రౌండులో లెఫ్ట్ రైట్ చేస్తున్నారండి. లెఫ్ట్ బాగానే ఉంది, రైట్ బాగానే ఉంది. హైవే మీద ఏ లారీ అయినా హారను కొడితే మాత్రం ఎనిమిది మందీ ఎగురుతున్నారు. నాతో కలిపి తొమ్మిది మందిమండి."